రాయ్‌పూర్‌లో రో హౌస్ కొంటున్నారా? గోడ ఎవరిది, నేల ఎవరిది?

విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు రైలు మార్గం 1931లో పూర్తయింది. ఉద్యోగాలకు, వ్యాపారాలకు ఆ దారిన వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇప్పుడు అభన్‌పూర్ దగ్గర మొదలై విశాఖ వైపు సబ్బవరం చేరే 464 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే నిర్మాణంతో ఆ ఊరిపై ఆసక్తి మరింత పెరిగింది. ఫ్లాట్ ఇరుకు, విడి ఇల్లు ఖరీదు అనుకునేవారు కచ్నా, సడ్డూ, అమ్లీడీహ్, సేజ్‌బహార్ వైపు రో హౌస్‌లు చూస్తున్నారు. ఒకే వరుసలో, గోడకు గోడ ఆనుకుని కట్టే ఇళ్లివి.

చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి. కాగితాల్లో మాత్రం తేడా ఉండొచ్చు. కొన్నిచోట్ల ఇంటి కింద స్థలం మీ పేరిట విడిగా రిజిస్టర్ అవుతుంది. మరికొన్నిచోట్ల ఫ్లాట్‌లో లాగా మొత్తం స్థలంలో అవిభాజ్య వాటా మాత్రమే వస్తుంది. పిల్లలు పెద్దయ్యాక పైన ఇంకో అంతస్తు వేద్దామనుకుంటే ఈ తేడా బయటపడుతుంది. మొదటి రకమైతే మీరే ప్లాన్ అనుమతికి వెళ్లొచ్చు. రెండో రకమైతే మిగతా యజమానులతో పేచీ రావచ్చు. కాబట్టి బ్రోచర్ పక్కన పెట్టి, సేల్ డీడ్ ముసాయిదా అడగండి. స్థలం ఫ్రీహోల్డా, లీజా అన్నదీ అందులోనే తేలుతుంది. హౌసింగ్ బోర్డు ఇంటిని రీసేల్‌లో కొనేవారు దీన్ని తప్పక చూడాలి.

ఇక గోడ. రెండిళ్లకూ కలిపి ఒకటే గోడా, ఎవరిది వారికి విడి గోడలా? పిల్లర్లు, పునాది ఉమ్మడివా? ఉమ్మడివైతే పక్కింటాయన పైఅంతస్తు వేసినా, ఇల్లు పడగొట్టి కట్టినా బరువూ పగుళ్లూ మీకూ తగులుతాయి. స్ట్రక్చరల్ డ్రాయింగ్ తీసుకుని, మీ తరఫు ఇంజినీర్‌కు చూపించడం మంచిది. పక్కింటి బాత్రూం మీ పడకగది గోడకే ఆనుకుని ఉందేమో, డాబా మీది వాన నీరు ఎటు పోతోందో కూడా చూడండి. చెమ్మ సంగతి వానాకాలంలోనే తెలుస్తుంది.

మధ్య ఇంటికి వెలుతురు ముందు, వెనుక వైపుల నుంచే వస్తుంది. చివరి ఇంటికి మూడో వైపు గాలి వస్తుంది. కానీ ఆ గోడ పడమరకు ఉంటే రాయ్‌పూర్ మే నెల ఎండ మొత్తం దాని మీదే. ఏజెంట్లు ఉదయం పూట చూపిస్తారు. మీరు మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి.

తెలుగువారు ఎక్కువగా తడబడేది హిందీ కాగితాల దగ్గర. నిజానికి అవి మనకు కొత్తవేమీ కావు. మన సర్వే నంబర్‌ను అక్కడ ఖస్రా నంబర్ అంటారు. మన 1-బి లాంటిది బి-1. సాగు భూమిని ఇళ్ల స్థలంగా మార్చే 'డైవర్షన్' మన నాలా మార్పిడి లాంటిది. మ్యుటేషన్‌ను నామాంతరణ్ అంటారు. ఖస్రా, బి-1 వివరాలు 'భుయియా' పోర్టల్‌లో దొరుకుతాయి. నగర శివార్లలో అక్రమ ప్లాటింగ్ పాత సమస్యే కాబట్టి డైవర్షన్ ఉత్తర్వు, టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ లేఅవుట్ ఆమోదం రెండూ చూడాలి. వాటిలోని ఖస్రా నంబర్లు సేల్ డీడ్‌తో సరిపోవాలి. బ్యాంకు లోన్ ఇచ్చింది కదా అని ధీమా పడొద్దు. బ్యాంకు లాయర్ చూసేది బ్యాంకు డబ్బు భద్రత. మీ లాయర్ మీకు ఉండాలి.

2016 నాటి రెరా చట్టం కొంత అండ ఇస్తుంది. అమ్మకం ఒప్పందం రాసుకుని రిజిస్టర్ చేయకుండా బిల్డర్ ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. అంటే 50 లక్షల ఇంటికి 5 లక్షలు. ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి మీరు చెబితే, 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. అయితే 500 చదరపు మీటర్లు దాటని స్థలంలోనో, ఎనిమిది ఇళ్లు మించకుండానో కట్టే ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఆరిళ్ల వరుస ఈ గీతకు బయటే ఉండిపోతుంది. అలాంటి చోట మీకు మిగిలేది రాతపూర్వక ఒప్పందమే. దాన్ని ఎంత గట్టిగా రాయించుకుంటే అంత మంచిది.

కాలనీ లోపలి రోడ్డు, డ్రైనేజీ, వీధి దీపాలు ఎవరి బాధ్యత అన్నది చివరి ప్రశ్న. కార్పొరేషన్‌కు అప్పగించారా, బిల్డర్ చేతిలోనే ఉన్నాయా? నీళ్లు కార్పొరేషన్ లైన్‌వా, బోరువా? బోరైతే వేసవిలో ట్యాంకర్లు వస్తాయా, ఆ ఖర్చు ఎవరు పంచుకుంటారు? ఇవన్నీ సేల్స్ ఆఫీసులో అడిగితే నవ్వుతూ 'అంతా ఉంది సార్' అంటారు. ఆ వరుసలో ఇప్పటికే కాపురముంటున్న ఇద్దరి తలుపు తట్టి, మెయింటెనెన్స్ రసీదు చూపించమని అడగండి.