తాతయ్య ఆలస్యంగా నవ్వుతున్నారా?

గుంటూరులోనో తెనాలిలోనో సురభి వారి ‘మాయాబజార్’ మళ్లీ ఆడుతోందంటే పెద్దవాళ్లను తీసుకెళ్లండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటక సంప్రదాయం అది. స్టేజీతో పాటు తాతయ్యనూ ఓ కంట కనిపెట్టండి. పద్యానికి తల ఊపుతూ, హాస్యానికి మాత్రం పక్కవాళ్లను చూసి నవ్వుతున్నారా?

వయసు మీదపడితే చెవికి ముందు అందనివి స, త, చ లాంటి సన్నని శబ్దాలే. సాగే రాగం వినిపిస్తుంది, గబగబా అనే మాట జారిపోతుంది. మా ఓపీకొచ్చే మిర్చి, పత్తి రైతులు ‘వినపడుద్ది గానీ అర్థం కాదండీ’ అంటారు. ఇంట్లోవాళ్లేమో పరధ్యానం అనుకుంటారు!

ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. ఒక్కోసారి గులిమి తీస్తే సరిపోతుంది; అగ్గిపుల్లతో మీరు తీయొద్దు. లేకుంటే ఆడియోమెట్రీ, అవసరమైతే వినికిడి యంత్రం. వదిలేస్తే మనిషి మాటలకు దూరమవుతాడు, మతిమరుపు ముప్పూ పెరుగుతుంది.

నాటకంలో ముందు వరుస మంచిదే. స్పీకరు పక్కన మాత్రం కూర్చోబెట్టకండి.