వాన నీటి లెక్కలో మన వాడ ఎక్కడ?

పట్టణంలో వాన నీటిని తక్కువ ఖర్చుతో బయటికి పంపటం ఎలా అన్నది ఇంజనీర్ల ప్రశ్న. ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతోందన్నది మన ప్రశ్న. మొదటిదాన్ని మనం వాళ్లకే వదిలేశాం. అందుకే రెండోదానికి జవాబు దొరకటం లేదు.

జంగారెడ్డిగూడెం 2011లో నగర పంచాయతీ అయింది. ఇది మెట్ట. నీళ్లు నిలిచే నేల కాదు, వాలు వెంట ఉరికే నేల. ఈ ప్రాంతపు నీళ్లు మోసే ఎర్రకాలువ కిందికెళ్లి యనమదుర్రు డ్రెయినుగా మారుతుంది. ఎగువన తొందరగా తోసేసిన నీరే నిడదవోలు, తాడేపల్లిగూడెం చేలకు ముంపవుతుంది. ఊళ్లోనూ అంతే. మెయిన్ రోడ్డు డ్రెయిను పల్లంలో ఉన్న వాడ దగ్గర ఆగిపోతే, బజారు నీళ్లు మన గుమ్మంలోకే వస్తాయి.

లెక్క కష్టమేం కాదు. నూరు చదరపు మీటర్ల డాబా మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు. వంద డాబాలకు 5 లక్షల లీటర్లు. మట్టి నేల కొంత తాగుతుంది, సిమెంటు తాగదు. కాబట్టి దారులు రెండు: కాలవల్ని వెడల్పు చేసుకుంటూ పోవటం, లేదా నీటిని పడినచోటే ఆపటం. ఇంకుడుగుంతలు, పూడిక తీసిన చెరువులు, ఆక్రమణలు తొలగిన వాగులు రెండో దారి. తుపాను వానకి గుంతలు నిండిపోతాయి, నిజమే. కాలవ ఉండాల్సిందే. కానీ పైన ఆపినకొద్దీ కింద భారం తగ్గుతుంది. రెండూ కలిపి వేసిందే అసలైన చవక లెక్క.

ఎస్టిమేటులో 'పూడికతీత' అని ఒక్క మాట ఉంటుంది. దాని వెనక పార పట్టిన మనిషున్నాడు. అతను ఏ కులంవాడో మనకు తెలుసు. వాన కాలవలోకి మరుగుదొడ్ల నీళ్లు వదిలి, అందులోకి మనిషిని దించటం చవకే. అతని ఊపిరితిత్తులు ఏ పద్దులోనూ లేవు గనక! రక్షణ పరికరాల్లేకుండా మురుగు కాలవల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి దించటాన్ని 2013 చట్టం నిషేధించింది. అలాంటి చావులకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ డబ్బు చావు తర్వాతి లెక్క. యంత్రానికయ్యే ఖర్చు ముందే రాయించాలి.

వాడకి సిమెంటు డ్రెయిను కావాలని అర్జీలు పెట్టాం. ఇకమీదట అది ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో, ఎవరు శుభ్రం చేస్తారో కూడా అడగాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద ఎస్టిమేటు కాపీ తీసుకుని మన పిల్లల చేత చదివిద్దాం. లెక్క మన చేతికి రానంతకాలం నీళ్లు మన ఇంటికే వస్తాయి.