వద్దన్నా వదలని బిరుదు: స్టాన్స్‌గేట్ వైకౌంట్ వారసత్వ చరిత్ర

పరిచయం

బ్రిటిష్ పార్లమెంటును గురించి చదివేటప్పుడు మీకు లార్డ్స్ సభ, కామన్స్ సభ అనే రెండు సభలు ఎదురవుతాయి. కామన్స్ సభ్యులను ప్రజలు ఎన్నుకుంటారు. లార్డ్స్ సభలో మాత్రం కొందరు శతాబ్దాల పాటు తండ్రి తర్వాత కొడుకుగా వచ్చి కూర్చున్నారు. ఈ పద్ధతి గురించి చెప్పినప్పుడల్లా నా తరగతిలో ఒక విద్యార్థి తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుండేది: "ఆ బిరుదు నాకొద్దు అంటే సరిపోదా సార్?" 1963 వరకు సరిపోయేది కాదు. ఎందుకు సరిపోయేది కాదో, ఆ తర్వాత చట్టం ఎలా మారిందో బెన్ కుటుంబం కథ ద్వారా తెలుసుకుందాం.

బిరుదా, హోదానా?

బిరుదు అనగానే మనకు 'రావు బహదూర్' వంటివి గుర్తుకు వస్తాయి. అవి వ్యక్తికిచ్చిన గౌరవాలు. ఆ వ్యక్తితోనే ముగిసేవి. బ్రిటన్‌లో వారసత్వ ప్రభువు హోదా అలాంటిది కాదు. అందులో పై నుంచి కిందికి డ్యూక్, మార్క్వెస్, ఎర్ల్, వైకౌంట్, బ్యారన్ అనే ఐదు అంతస్తులున్నాయి. ఈ హోదాను రాజు ఒక పత్రం ద్వారా సృష్టిస్తాడు. ఆ పత్రంలో చెప్పిన క్రమంలోనే, సాధారణంగా పెద్ద కొడుకుకు, అది సంక్రమిస్తుంది. దాన్ని అమ్మడానికి గాని, మరొకరికి రాసివ్వడానికి గాని వీల్లేదు. భారతీయులలో ఇలాంటి హోదా పొందినవారు ఒక్కరే. 1919లో సత్యేంద్ర ప్రసన్న సిన్హా 'రాయపూర్ బ్యారన్' అయ్యారు. ఈ రాయపూర్ బెంగాల్‌లోనిది.

ఈ హోదాకు మరో వైపు కూడా ఉండేది. 1999 వరకు వారసత్వ ప్రభువు కామన్స్ సభకు ఎన్నిక కావడానికి వీల్లేకపోయేది. ఆ ఎన్నికల్లో ఓటు వేయడానికి కూడా వీలుండేది కాదు. మన కథకు ఈ నిషేధమే కీలకం.

హోదా ఎలా వచ్చింది?

విలియం వెడ్జ్‌వుడ్ బెన్ పేరు మీరు భారత జాతీయోద్యమ పాఠాల్లో చూసి ఉండవచ్చు. 1929 నుంచి 1931 వరకు, అంటే ఉప్పు సత్యాగ్రహం, మొదటి రౌండ్ టేబుల్ సమావేశం జరిగిన కాలంలో, లేబర్ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రి ఆయనే. లార్డ్స్ సభలో లేబర్ పార్టీకి బలం తక్కువగా ఉండేది. ఆ బలం పెంచడం కోసం 1942లో ఆయనను స్టాన్స్‌గేట్ వైకౌంట్‌గా నియమించారు. ఎసెక్స్ తీరంలో ఆ కుటుంబానికి ఇల్లున్న ఊరు స్టాన్స్‌గేట్.

హోదా స్వీకరించే ముందు ఆయన పెద్ద కొడుకు మైకేల్ అభిప్రాయం అడిగారు. మత గురువు కావాలనుకున్న మైకేల్ అభ్యంతరం చెప్పలేదు. కాని 1944లో మైకేల్ యుద్ధ విమానదళంలో పనిచేస్తూ మరణించాడు. దాంతో వారసత్వం రెండో కొడుకు ఆంథోనీ మీద పడింది. టోనీ బెన్‌గా ప్రసిద్ధుడైన వ్యక్తి ఇతనే.

ఓటుకూ పుట్టుకకూ మధ్య

టోనీ బెన్ 1950లో, 25 ఏళ్ల వయస్సులో, బ్రిస్టల్ ఆగ్నేయ నియోజకవర్గం నుంచి కామన్స్‌కు ఎన్నికయ్యాడు. తండ్రి మరణిస్తే తన స్థానం పోతుందని అతనికి తెలుసు. హోదాను ముందే వదులుకునేందుకు 1955లో చేసిన ప్రయత్నం ఫలించలేదు. 1960 నవంబరు 17న తండ్రి మరణించారు. ఆ క్షణం నుంచే కొడుకు ప్రభువయ్యాడు, కామన్స్ స్థానం ఖాళీ అయింది.

1961 మే 4న జరిగిన ఉప ఎన్నికలో బెన్ మళ్లీ పోటీ చేసి, 13 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచాడు. అయినా అతన్ని సభలోకి రానివ్వలేదు. వివాదం ఎన్నికల న్యాయస్థానానికి వెళ్లింది. లార్డ్స్ సభకు రమ్మనే ఆహ్వాన పత్రాన్ని తాను కోరలేదు గనుక తాను ప్రభువును కానని బెన్ వాదించాడు. న్యాయమూర్తులు ఒప్పుకోలేదు. హోదా పుట్టుకను బట్టి వచ్చేది, పత్రం అందుకున్నా అందుకోకపోయినా అనర్హత ఉంటుందని తీర్పు చెప్పారు. అనర్హత సంగతి ఓటర్లకు ముందే తెలుసు కాబట్టి బెన్‌కు పడిన ఓట్లు వృథా అయినట్లేనని, ఓడిన కన్జర్వేటివ్ అభ్యర్థి మాల్కం సెయింట్ క్లెయిర్‌ను విజేతగా ప్రకటించారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. నష్టపోయింది బెన్ ఒక్కడేనా? తమకు కావలసిన ప్రతినిధిని స్పష్టంగా ఎన్నుకున్న వేలాది ఓటర్లు కూడా నష్టపోయారు. అందుకే ఒక కుటుంబ సమస్య రాజ్యాంగ సమస్యగా మారింది.

1963 ప్రభువుల చట్టం

ప్రజాభిప్రాయం ఒత్తిడి తేవడంతో కన్జర్వేటివ్ ప్రభుత్వమే చట్టం తెచ్చింది. దాని ముఖ్యాంశాలు:

1. వారసత్వంగా హోదా పొందినవారు 12 నెలల్లోగా దాన్ని వదులుకోవచ్చు. కామన్స్ సభ్యులకు గడువు ఒక నెల మాత్రమే.
2. ఒకసారి వదులుకుంటే తిరిగి తీసుకోవడానికి వీల్లేదు.
3. వదులుకున్నవారి జీవితకాలానికే ఇది వర్తిస్తుంది. వారి మరణానంతరం హోదా వారసునికి చెందుతుంది.
4. సొంత హక్కుతో వారసత్వ హోదా ఉన్న స్త్రీలకు లార్డ్స్ సభలో స్థానం లభించింది.

1963 జూలై 31న చట్టం అమల్లోకి వచ్చిన రోజే బెన్ హోదాను వదులుకున్నాడు. అలా చేసిన మొదటి వ్యక్తి అతనే. సెయింట్ క్లెయిర్ రాజీనామా చేయగా, ఆగస్టు 20న జరిగిన ఉప ఎన్నికలో బెన్ గెలిచి సభకు తిరిగి వచ్చాడు. అదే అక్టోబరులో ఎర్ల్ ఆఫ్ హ్యూమ్ ఇదే చట్టం కింద తన హోదా వదులుకున్నాడు. అప్పటికే ప్రధాని అయిన ఆయన, అలెక్ డగ్లస్-హ్యూమ్‌గా కామన్స్ సభకు ఎన్నికయ్యాడు. లేబర్ సభ్యుడొకడు పోరాడి తెరిపించిన తలుపు గుండా కన్జర్వేటివ్ ప్రధాని నడిచాడన్నమాట.

తర్వాత ఏమైంది?

మూడో అంశాన్ని మళ్లీ చదవండి. చట్టం వ్యక్తిని విడుదల చేసిందే గాని హోదాను రద్దు చేయలేదు. 2014 మార్చి 14న టోనీ బెన్ మరణించగానే పెద్ద కొడుకు స్టీఫెన్ మూడో వైకౌంట్ అయ్యాడు. 1999 చట్టం వారసత్వ ప్రభువుల్లో 92 మందిని మాత్రమే లార్డ్స్‌లో ఉంచింది. ఆ కోటాలో ఏర్పడిన ఒక ఖాళీ ద్వారా 2021లో స్టీఫెన్ లార్డ్స్ సభలో ప్రవేశించాడు. అతని తమ్ముడు హిల్లరీ బెన్ 1999 నుంచి ప్రజలు ఎన్నుకున్న కామన్స్ సభ్యుడు. మిగిలిన వారసత్వ స్థానాలను కూడా తొలగించే బిల్లును 2024లో ప్రభుత్వం ప్రవేశపెట్టింది.

సారాంశం

వారసత్వ హోదా కేవలం అలంకారం కాదు; హక్కులనూ నిషేధాలనూ మోసుకొచ్చే చట్టబద్ధమైన స్థితి. బెన్ వ్యవహారం ఆ స్థితిని ఐచ్ఛికం చేసింది. మన రాజ్యాంగ నిర్మాతలు వేరే దారి పట్టారు. సైనిక, విద్యా సంబంధమైనవి తప్ప రాజ్యం ఏ బిరుదూ ఇవ్వరాదని 18వ అధికరణం చెబుతుంది. ఒక దేశం పాత వ్యవస్థను కొద్దికొద్దిగా సడలిస్తూ వచ్చింది, మరొక దేశం మొదటి రోజే తలుపు మూసింది. ఈ తేడాను గుర్తుంచుకుంటే రెండు రాజ్యాంగాల స్వభావం మీకు తేలికగా అర్థమవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1961లో న్యాయస్థానం బెన్ వాదనను ఎందుకు తోసిపుచ్చింది?
2. 1963 చట్టం వారసత్వ హోదాను రద్దు చేసిందనడం సరైనదేనా? స్టాన్స్‌గేట్ ఉదాహరణతో వివరించండి.