కాఫీ కొట్టులో కాఫీ రుచి



పొద్దున లేస్తూనే కాఫీ కడుపులో పడకపోతే మనలో చాలామందికి కాలూ చెయ్యీ ఆడదు. ఇంట్లో నలుగురికి కలిపే ఆ కాఫీనే బయట నలభైమందికి అమ్మవలసివస్తే? మా ఎదురింటి వదినగారు పిల్లల చదువుల కోసమని గాజులు తాకట్టుపెట్టి చిన్న కాఫీ కొట్టు తెరిచారు. ఖరీదైన మిషను కొన్నారు. వారం తిరిగేసరికి, మొదటిరోజు వచ్చినవాళ్ళు మళ్ళీ కనబడలేదు. “లోపం ఎక్కడుంది వదినా?” అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. లోపం మిషనులో లేదు. ఆ సంగతే ఈవేళ మీతో ముచ్చటిస్తాను.

ముందు ఎస్ప్రెస్సో మాట. పెళ్ళిళ్ళలో ఆవిరి గొట్టం పాలలో ముంచి, బుస్సుమని నురగ తెప్పించి, పైన చాక్లెట్ పొడి చల్లి ఇస్తారు చూడండి, దాన్ని మనం ఆ పేరుతోనే పిలుస్తాం. తాగడానికి అదీ బాగానే ఉంటుంది. కాని అందులో వేసేది సాధారణంగా ఇన్‌స్టెంట్ పొడి. అసలు ఎస్ప్రెస్సో ఇటలీవాళ్ళది. మిలాన్ నగరవాసి లుయీజీ బెజ్జెరా 1901లో ఆవిరి ఒత్తిడితో పనిచేసే యంత్రానికి పేటెంటు పుచ్చుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధం తరవాత గజ్జా అనే ఆయన మీటతో నొక్కే యంత్రాలు తెచ్చాక, కాఫీ మీద తేనెరంగు నురగ కట్టడం మొదలైంది.

దీని కిటుకు అంతా కొలతలోనే ఉంది. రెండు చిన్న కప్పులకు 18 గ్రాముల పొడి తీసుకుని, సమంగా సర్ది, గట్టిగా అదమాలి. 90 నుంచి 96 డిగ్రీల వేడినీళ్ళు ఎక్కువ ఒత్తిడితో దానిలోంచి దిగి, 25 నుంచి 30 సెకండ్లలో సుమారు 36 గ్రాముల కాఫీ రావాలి. పది పదిహేను సెకండ్లలోనే జలజలా కారిపోయిందా, పొడి బరకగా ఉందన్నమాట. కాఫీ పలచగా, పుల్లగా ఉంటుంది. బొట్టు బొట్టుగా నిమిషంసేపు పడుతోందా, పొడి మరీ మెత్తన, చేదెక్కుతుంది. అప్పుడు మిషనును తిట్టుకోకుండా మర సరిచేసుకోవాలి.

మన వదినగారు రోజుకు సరిపడా పొడి పొద్దున్నే ఆడించి డబ్బాలో పోసేవారు. సాయంత్రానికి ఘుమఘుమలు గాలిలో కలిసిపోయేవి. గింజలు గాలి చొరని డబ్బాలో ఉంచుకుని, ఏ కప్పుకు ఆ కప్పుకే ఆడించాలి. పాలు 60, 65 డిగ్రీల దాకా కాగితే చాలు. మరీ కాగితే తియ్యదనం పోతుంది. పాలు కాచిన ఆవిరి గొట్టాన్ని వెంటనే తడిగుడ్డతో తుడిచి, ఒకసారి ఆవిరి వదలాలి. లేకపోతే లోపల పాలు ఎండి కంపుకొడుతుంది.

ఇక రోజూ వచ్చేవాళ్ళు అడిగేది మన ఫిల్టరు కాఫీ. కొట్టుకు పేరు తెచ్చేదీ అదే. వదినగారి రెండో పొరపాటు ఇక్కడే జరిగింది. పొద్దున తీసిన డికాషన్ని సాయంత్రం దాకా సన్నసెగ మీద ఉంచారు. డికాషన్ సెగ మీద ఉన్నకొద్దీ వాసన పోయి చేదు మిగులుతుంది. పెద్ద ఫిల్టరుతో ఒక్కసారి తీసేకంటె, చిన్న ఫిల్టర్లతో గంటా రెండు గంటలకోసారి తీసుకోవడం మేలు. వెచ్చబెట్టాలంటే ఆ గిన్నెను వేడినీళ్ళ గిన్నెలో పెట్టండి. రెండోసారి నీళ్ళు పోసి దించినదాన్ని మొదటిదాంట్లో కలపకండి.

చికోరీ ఒక మొక్క వేరు. కొద్దిగా ఉంటే చిక్కదనం, రంగు ఇస్తుంది. పొడి కొనేటప్పుడు అది ఎంత శాతం ఉందో పాకెట్ మీద చదువుకోండి. అన్నిటికంటె ముఖ్యం, ఇవాళ్టి రుచే రేపూ ఉండాలి. పొడి, పాలు, డికాషన్ మూడూ కొలిచి పోస్తేనే అది సాధ్యం.

వదినగారు ఒక చిన్న త్రాసు కొన్నారు, గోడకు గడియారం తగిలించారు. గాజులు ఇంకా విడిపించుకోలేదు. కాని పొద్దున్నే ఆరింటికి కొట్టు ముందు బెంచీ నిండుతోంది. మీలో ఎవరికైనా ఇటువంటి ఆలోచన ఉంటే, మిషను బేరం చేసేముందు త్రాసు కొనుక్కోండి.