జారని యినుప నేల

దుండిగల్ అనగానే మీలో పెక్కుమందికి విమానములు జ్ఞప్తికి వచ్చును. 1967లో నాటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు ఇచ్చట వాయుసేనా విద్యాలయమునకు శంకుస్థాపన మొనర్చిరి. నాటినుండి ఈ ప్రాంతమువారు తల పైకెత్తి చూచుట కలవాటుపడిరి. నేడు నేను ముచ్చటింపబోవునది మాత్రము కాలిక్రింది సంగతి.

నా పూర్వవిద్యార్థి యొకడు గండిమైసమ్మ చేరువ నొక కర్మశాలలో లేతు యంత్రముపై పనిచేయుచుండును. గడచిన వర్షాకాలమున నతడు ఇనుపమెట్లపై జారిపడి కుడిచేతి మణికట్టు విరుగగొట్టుకొనెను. వాని కుటుంబమునకు ఆ చేయియే ఆధారము. పరామర్శింపబోయిన నాతో, "సార్, అది చెకర్ ప్లేటే. అయినా కాలు జారింది" అనెను. చెవి మందగించిన నాకది 'చక్కెర ప్లేటు' అని వినబడగా, నొప్పిలోను వాడు నవ్వెను.

ఈ 'చెకర్' అను మాట చదరంగపు బల్లనుబట్టి వచ్చినది. దాని మూలము పారసీకమున రాజును జెప్పు 'షా' అను శబ్దము. ఆట మన దేశమునుండి వెడలిపోయినది. మాట వారి దేశముమీదుగా, ఐరోపా చుట్టి, ఇనుపరేకు నెక్కి మన కర్మశాలలకు వచ్చినది. శబ్దశాస్త్రము చదివినవానికి ఇట్టివి కనబడినపుడు ఊరకుండుట కష్టము, మన్నింపుడు.

ఆ రేకును మీరందరు చూచియే యుందురు. బస్సు మెట్లపైని, కర్మాగారములలోని నడవలపైని గింజలవంటి ఉబ్బులతో నుండును. ఎఱ్ఱగా కాగిన ఉక్కును రెండు రోలర్ల నడుమ నొత్తి పలుచన చేయుదురు. కడపట నొక రోలరుపై గింజల ఆకారమున గుంటలు చెక్కియుందురు. మెత్తబడిన ఉక్కు ఆ గుంటలలోనికి పొంగి ఉబ్బు లగును; రెండవవైపు నునుపుగానే మిగులును. ఈ రేకులకు భారతీయ ప్రమాణము 3502 కలదు. కొనువారు మఱువరాని దొకటి: రేకు మందము ఉబ్బులను విడిచి లెక్కింపవలెను. 5 మిల్లీమీటర్ల నునుపు ఉక్కురేకు చదరపు మీటరునకు 39.25 కిలోలు తూగును. ఉబ్బుల బరువు దానికి అదనము.

ఇక అది జారకుండ నెట్లు కాపాడును? తడిసిన నునుపు నేలపై కాలు నిజముగా నేలను తాకదు. నడుమ నున్న నీటిపొరపై తేలుచుండును. ఉబ్బులున్నచో ఆ నీరు పల్లములలోనికి తొలగును, మనిషి బరువు కొలది స్థలముపై బడి, మిగిలిన పొరను చీల్చి, చెప్పు లోహమును పట్టుకొనును. ఉబ్బులు ఒకదాని కొకటి అడ్డముగా నుండుటకును కారణము కలదు: కా లెటు జారినను ఏదో యొక అంచు ఎదురు నిలుచును.

ఇంతయు నెఱిగి నేనా కర్మశాలకు పోతిని. యజమాని నన్ను మర్యాదగనే కూర్చుండబెట్టి, "చెకర్ ప్లేటు వేయించితిని గదా, ఇంకేమి చేయమందురు?" అనెను. మెట్టుపై బొటనవ్రేలు రాచి చూచితిని. పల్లెలలో తిరుగలి అరిగినచో పిండి పడదు. కక్కు కొట్టువాని పిలిపింతుము. ఆ మెట్టు మధ్యభాగము అరిగిన తిరుగలివలెనే యుండెను. అంచున గింజలు నిక్కియుండెను గాని, ప్రతివారును కాలుమోపు చోట వాని శిఖరములు అద్దమువలె మెఱయుచుండెను. పైగా యంత్రపు నూనె పల్లములను నింపి పైకి పొరలుచుండెను. పల్లము నిండిన పిమ్మట ఉబ్బెందులకు? తిరుగలికి మరల కక్కు కొట్టవచ్చును, ఈ రేకును మాత్రము మార్చవలసినదే. 1948 నాటి కర్మాగారముల చట్టము 32వ పరిచ్ఛేదమున నేలలను, మెట్లను గట్టిగా నిర్మించుట యే గాక చక్కగా నిర్వహింపవలెనని విధించెను. మన యజమానులు చాలమంది మొదటి సగముతో తృప్తిపడుదురని నా యభిప్రాయము.

నూనె నిత్యము కారుచోట ఇనుపజాలీ మేలు. నూనె దానిలో నిలువక క్రిందికి పోవును. అయితే చిన్న పనిముట్లును పోవును గనుక, క్రింద మనుష్యులు తిరుగుచోట జాగ్రత్త యవసరము. బరువు పనికిరాని చోట గరుకుపూత పూయుదురు. రెక్కమీదుగా ఎక్కు చిన్న విమానములలో రెక్క మొదట కనబడు నల్లని పట్టీ యదియే.

నేను చెప్పిన దంతయు ఆ యజమాని ఓపికతో వినెను. పదిదినముల తరువాత రెండు మెట్ల రేకులు మార్పించి, నూనెపీపాను మెట్ల దరినుండి తీయించెను. నా శిష్యుడు మూడవ మాసమున పనిలో చేరెను. చేయి అతికినది గాని, చలికి సలుపుచున్నదట. మెట్లు దిగునపుడు ఇప్పటికిని ఎడమచేతితోనే కమ్మిని పట్టుకొనునట.