పడమటి ఆకాశంలో దుమ్‌దార్ సితారా

2024 అక్టోబరు రెండవ వారం నుండి కొన్ని సాయంత్రాలపాటు పడమటి ఆకాశంలో ఒక తోకచుక్క కనువిందు చేసింది. పేరు సుచిన్‌షాన్-అట్లాస్. 2023 ఆరంభంలో చైనాలోని పర్పుల్ మౌంటెన్ వేధశాలవారు, దక్షిణాఫ్రికాలోని అట్లాస్ దూరదర్శినివారు వేర్వేరుగా దానిని గుర్తించారు. అందుకే ఆ జంట పేరు. సెప్టెంబరు 27న అది సూర్యునికి అతి సమీపానికి చేరింది. అక్టోబరు 12 ప్రాంతంలో భూమికి సుమారు 7 కోట్ల కిలోమీటర్ల దూరంలో సాగిపోయింది.

సిద్దిపేటలో ఖిబ్లా పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. అంటే మగ్రిబ్ నమాజులో మనం అభిముఖంగా నిలిచే దిక్కు, ఆ తోకచుక్కను వెదకవలసిన దిక్కు ఇంచుమించు ఒకటే. నమాజు ముగించుకొని, చీకటి చిక్కబడే వేళకు దీపాల వెలుగు లేని చోటికి చేరాలి. కోమటిచెరువు కట్ట ఆహ్లాదకరమే గాని, అక్కడ దీపాలెక్కువ. ఊరి వెలుపలి పొలాలే మేలు. ఎడమవైపు దేదీప్యమానంగా శుక్రుడు, అతనికి కుడివైపున నిలువుగా ఒక తెల్లని చార. పత్రికల్లోని ఛాయాచిత్రాలంత శోభగా కంటికి కనబడదని పిల్లలకు ముందే చెప్పడం మంచిది. పైగా ఆ 17న పౌర్ణమి వెన్నెల దానిని మరింత వెలవెలబోయేలా చేసింది.

తోకచుక్క అంటే రాలిపడే చుక్క కాదు. ఉల్క రెప్పపాటులో మెరిసి మాయమవుతుంది. తోకచుక్క నిలకడగా ఉండి, రోజుకింత చొప్పున నక్షత్రాల నడుమ జరుగుతుంది. దాని నడుమ ఉన్నది మంచు, ధూళి కలిసిన గడ్డ. సూర్యుని వేడికి ఆ మంచు ఆవిరై, ధూళితోపాటు వెనుకకు చెదరిపోతుంది. తోక ఎప్పుడూ సూర్యునికి దూరంగానే చాచుకొని ఉంటుంది. సాయంకాలం సూర్యుడు దిగంతం కింద ఉంటాడు గనుక, తోక పైకి లేచినట్లు కనబడుతుంది.

తోకచుక్క పొడిస్తే రాజుకు గండమనీ, కరవో యుద్ధమో తప్పదనీ తరతరాలుగా చెప్పుకున్నారు. తౌహీద్‌ను విశ్వసించే ఇళ్ళలో ఈ మాటకు తావుండరాదు. అయినా అది పెద్దల నోట అప్పుడప్పుడు వినబడుతుంది, పిల్లల గుండెల్లో నాటుకుంటుంది.

దైవప్రవక్త (సఅసం) పసిబిడ్డ ఇబ్రాహీమ్ మరణించిన రోజునే మదీనాలో సూర్యగ్రహణం పట్టింది. ఆ బాలుని మరణం వల్లనే ఇలా జరిగిందని ప్రజలు అనుకోసాగారు. బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి గౌరవం చేకూర్చే మాటే అది. కాని ఆయన (సఅసం) అంత దుఃఖంలోనూ దానిని అంగీకరించలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి చావుపుట్టుకల వల్లనూ వాటికి గ్రహణం పట్టదనీ స్పష్టం చేశారు. ఈ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. రాలే చుక్కల గురించీ ఇటువంటి బోధే సహీహ్ ముస్లిమ్‌లో కనబడుతుంది.

ఈ బోధను మనవారంతా నిలుపుకొన్నారా అంటే, లేదు. 838లో ఖలీఫా ముఅతసిమ్ అమోరియమ్‌పై దండెత్తినప్పుడు జ్యోతిష్కులు హెచ్చరికలు చేశారు. ఖలీఫా వాటిని లెక్కచేయక ఆ నగరాన్ని జయించాడు. పడమట తోకచుక్క పొడిచిందని జనాన్ని భయపెట్టినవారిని కవి అబూ తమ్మామ్ తన ఖసీదాలో ఎత్తిపొడిచాడు. 1577లో మాత్రం ఇస్తాంబుల్ వేధశాల అధిపతి తఖీయుద్దీన్ అంతటి పండితుడు ఆ ఏటి తోకచుక్కను ఉస్మానియా సుల్తాన్‌కు విజయసూచకమని చెప్పాడు. 1580లో ఆ సుల్తాన్ ఆజ్ఞతోనే వేధశాలను కూల్చివేశారు. అదే తోకచుక్కను డెన్మార్క్‌లో టైకో బ్రాహీ కొలతలు వేసి పరిశీలించి, అది చంద్రునికంటే ఎంతో దూరాన ఉన్నదని నిరూపించాడు. శకునం చెప్పినందువల్ల మనం ఏమి పోగొట్టుకున్నామో ఇక్కడే తెలుస్తుంది.

మన నేలమీదా కొలిచి చూసే సంప్రదాయం ఉన్నది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాద్‌లో నిజామియా వేధశాలకు పునాది వేశారు. అక్కడ పనిచేసిన ఉద్యోగి కుమారుడు, నిజాం కళాశాల విద్యార్థి వేణు బప్పు 1949లో హార్వర్డ్‌లో చదువుకుంటూ, తాను తీసిన ఛాయాచిత్ర ఫలకంపై ఒక కొత్త తోకచుక్కను కనుగొన్నారు. అది బప్పు-బాక్-న్యూకిర్క్ పేరుతో నమోదైంది.

హేలీ తోకచుక్క మళ్ళీ 2061లో రానున్నది. నేటి బడిపిల్లలు అప్పటికి తమ పిల్లలకు దానిని చూపించే వయసులో ఉంటారు.