పదవి ఒక అమానతు

‘అమానతు’ అనే మాట ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో పసితనం నుండే వినిపిస్తుంది. ఒకరు మనలను నమ్మి మన వద్ద ఉంచిన వస్తువు అమానతు. దానిని చెక్కుచెదరకుండా కాపాడేవాడు అమీన్. ముహమ్మద్ ప్రవక్త (స) వారిని ప్రవక్తృత్వానికి పూర్వమే మక్కా ప్రజలు ‘అల్ అమీన్’ అని పిలిచేవారు. తెలుగువారికి పరిచితుడైన కోర్టు అమీనాకు కూడ ఆ పేరు ఈ మాట నుండే వచ్చినది.

సొమ్ము ఒక్కటే అమానతు కాదు. చేతికి అప్పగించబడిన పని, కూర్చున్న కుర్చీ కూడ అమానతులే. నాయకత్వము, నిజాయితీ, సహకారము అని మనం మూడుగా చెప్పుకొనే గుణాలు నిజానికి ఒకదానినొకటి ఆశ్రయించి బ్రతికేవని మా అభిప్రాయము. వీటికి పరీక్ష పని సవ్యంగా సాగినప్పుడు కాదు, చెడినప్పుడు. దీనికి మన తీరాన జరిగిన ఒక ఉదాహరణ కలదు.

1979 ఆగస్టు 10వ తేదీన శ్రీహరికోట నుండి ఎస్.ఎల్.వి.-3 అనే రాకెట్టు మొదటిసారి పైకెగసింది. దాని ఎత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు. రామేశ్వరంలోని ఒక సామాన్య ముస్లిం కుటుంబంలో జన్మించిన అబ్దుల్ కలాం ఆ ప్రాజెక్టుకు డైరెక్టరు. ప్రొఫెసర్ సతీష్ ధవన్ ఇస్రో అధ్యక్షులు. మొదటి దశ చక్కగా పనిచేసింది. రెండవ దశలో అదుపు తప్పి, బయలుదేరిన 317 సెకండ్లకు రాకెట్టు బంగాళాఖాతంలో పడిపోయింది. రెండవ దశను దారిలో నిలిపే నియంత్రణ వ్యవస్థకు కావలసిన నైట్రిక్ ఆమ్లం ముందుగానే కారిపోవడం దీనికి కారణము.

ఆనాడు పత్రికలవారి ఎదుటకు ధవన్ తామే వెళ్ళారు. వైఫల్యాన్ని తమ మీద వేసుకొని, తమ బృందంపై పూర్తి విశ్వాసం ప్రకటించారు. 1980 జూలై 18న రెండవ ప్రయోగం ఫలించి, 35 కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్యలో చేరింది. ఆ రోజు మాత్రం ధవన్ వెనుక నిలిచి, పత్రికలవారితో మాట్లాడే పని కలాంకు అప్పగించారు. ఈ సంగతిని కలాం జీవితాంతం విద్యార్థులకు చెబుతూనే ఉన్నారు.

ఇందులో రెండవ పార్శ్వం కూడ ఉన్నది. 1999లో వెలువడిన ఆత్మకథలో కలాం దానిని వివరించారు. మొదటి ప్రయోగాన్ని సమీక్షించిన సభలో సహచరులు ఊహించని పరిస్థితులను కారణంగా చూపగా, ఆయన లేచి, ఆమ్లం కారడాన్ని లెక్కచేయని తప్పు తనదేనని అంగీకరించారు. తప్పు దాగి ఉంటే మరమ్మతు ఎక్కడ చేయాలో ఎవరికి తెలుస్తుంది? పైవాడు నిందను మోస్తాడన్న ధైర్యం ఉన్నచోటనే క్రిందివాడు నిజం చెప్పగలడు. నిజం బయటపడినప్పుడే పదిమంది కలిసి దానిని సరిదిద్దగలరు.

ఇది రాకెట్టులు ఎగురవేసేవారికే పరిమితమైన నీతి కాదు. మా అనుభవమే ఒకటి చెబుతాము. పూర్వం మేము పనిచేసిన ఒక కళాశాలలో ఉపకారవేతనాల జాబితాకు శుద్ధప్రతి వ్రాస్తూ ఒక విద్యార్థి పేరు వదిలివేశాము. తప్పు గుమాస్తాదని అందరూ భావించారు. నలుగురి ఎదుట అతనికి చీవాట్లు పడ్డాయి. మేము రెండు రోజులు నోరు మెదపలేదు. మూడవనాడు ప్రిన్సిపాలుగారి వద్దకు వెళ్ళి నిజం చెప్పాము. గడువు ఇంకను ఒక రోజు మిగిలి ఉన్నందున పేరు చేరింది. గుమాస్తాకు క్షమాపణ చెప్పగా అతడు, “మొన్ననే చెప్పి ఉంటే ఈ రెండు రాత్రులు నిద్రపోయేవాణ్ణి సార్” అన్నాడు. విద్యార్థికి నష్టం తప్పింది గాని, ఆ రెండు రాత్రులను మేము తిరిగి ఇవ్వలేకపోయాము.

విద్యార్థులారా! అమానతు మీ చేతులలో కూడ ఉన్నది. ప్రయోగశాలలో గాజు గొట్టం పగిలితే అటెండరు మీదకు నెట్టక, పగులగొట్టినవాడే చెప్పాలి. వార్షికోత్సవానికి వసూలు చేసిన చందాకు రూపాయితో సహా లెక్క వ్రాసి గోడకు అతికించాలి. నలుగురు చేసిన పనికి ఒక్కడే బహుమతి అందుకొంటే, మిగిలిన ముగ్గురి పేర్లను వేదిక మీదనే చెప్పాలి.

కళాశాల పెద్దలకు కూడ ఒక మనవి. తప్పు ఒప్పుకొన్నవానికి దక్కే మర్యాదను బట్టి, రెండవవాడు నోరు విప్పడమా, మూసుకోవడమా అన్నది నిర్ణయించుకొంటాడు. కుర్చీ ఎవరిదైనా ఒకనాడు తిరిగి అప్పగించవలసినదే. అప్పగించేనాడు దానికి మచ్చ లేకుండా చూసుకొందాము.